తప్పు కొమ్మకు ఎర్ర గుడ్డ

నరసరావుపేటలో పెరట్లో మామిడి మొక్క ఉన్నవాళ్ళందరికీ హజ్రా బీ తెలుసు. తెలుసు అంటే ఇష్టమని కాదు. ఆమె గేటు తీసుకుని వస్తుంటే ముందు మొక్కకు అడ్డంగా నిలబడి, ఆ తరువాతే "రా, కూర్చో" అంటారు. ఎందుకంటే ఆమె చేతిసంచిలో కొమ్మలు కోసే కత్తెర ఉంటుంది. దాంతోపాటు ఒక చిన్న రంపం, కోసినచోట పూయడానికి సున్నమూ మైలుతుత్తమూ కలిపిన నీలం ముద్ద, జాకెట్లు కుట్టగా మిగిలిన ఎర్ర గుడ్డపీలికల మూట.

వయసు యాభై నాలుగు. మనిషి పొట్టి, నోరు మాత్రం పెద్దది. పదకొండేళ్ళు ఒక నర్సరీలో మామిడి అంట్లు కట్టింది. మోకాళ్ళు అరిగి ఆ పని మానేశాక, ఇంట్లో జాకెట్లు కుడుతూ, వానలు మొదలైన దగ్గర్నుంచి దసరా దాకా ఇలా ఇళ్ళకు వెళ్ళి లేతచెట్లను తీర్చిదిద్దుతుంది. ఆమె చెప్పేది చిన్న సంగతే. మామిడి మొక్కను దాని ఇష్టానికి వదిలేస్తే కరెంటు స్తంభంలా పైకి పోతుంది, కాసిన కాయలు కాకులకు తప్ప మనిషికి అందవు. అదే రెండో ఏట, మూడో ఏట నడుము ఎత్తులో తల తుంచి, నాలుగు దిక్కులకూ నాలుగు చేతుల్లాంటి కొమ్మలు ఉంచి, నడుమ ఎండ దూరేలా ఖాళీ చేస్తే, జీవితాంతం నిచ్చెన అవసరం లేకుండా కోసుకు తినవచ్చు.

ఈ మాట వింటున్నంతసేపూ అందరూ బుద్ధిమంతుల్లా తలలు ఊపుతారు. కత్తెర బయటికి తీయగానే ఇల్లు ఇల్లంతా ఏడుపు మొహం పెడుతుంది. పనికి దిగిన మొదటి ఏడాది ఒక పెద్దమనిషి "నువ్వు అంట్లు కట్టినదానివా, కసాయి కొట్టులో పనిచేసినదానివా" అన్నాడు. ఇంకొకాయన కోసిన కొమ్మల్ని మోపు కట్టించి ఆమె వాకిట్లోనే పడేయించాడు. హజ్రా బీకి తిక్క రేగింది. కోసేదాకా నోరు మెదపరు, కోశాక శాపనార్థాలు పెడతారు. ఇలా కాదని ఒక కట్టుబాటు పెట్టింది.

కోయవలసిన కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టి వెళ్ళిపోతుంది. ఇంటివాళ్ళు మూడు రోజులు దాన్ని చూసుకోవాలి, ఏడవాలనుకుంటే ఏడవాలి, తనతో పోట్లాడాలనుకుంటే ఫోన్ చేయాలి. మూడోరోజు వచ్చేసరికి గుడ్డ ఎక్కడుంటే కత్తెర అక్కడే. ఆపైన ఎవరూ కిమ్మనడానికి లేదు.

కట్టుబాటు బాగానే ఉంది గానీ మనుషులు ఊరుకుంటారా? ఆమె అటు వెళ్ళగానే గుడ్డ విప్పి, తమకు ముద్దు రాని వేరే కొమ్మకు కట్టేవారు. మొదట్లో ఆమె గొంతు చించుకుని పోట్లాడేది. తరువాత ఒకసారి, ప్రకాశ్ నగర్‌లో ప్రమీలమ్మ ఇంట్లో, వాన ముంచుకొస్తుంటే కంగారులో ఉంచవలసిన కొమ్మకే గుడ్డ కట్టి వచ్చేసింది. ఇంటికి చేరాక గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. మూడోరోజు భయపడుతూ వెళ్ళి చూస్తే, బలంగా అందంగా ఉన్న ఆ కొమ్మను ప్రమీలమ్మ ఎలా వదులుకుంటుంది, గుడ్డ తీసి లోపలికి వంకరపోయిన ఈనపుల్లలాంటి కొమ్మకు కట్టేసింది. హజ్రా బీ కోయాలనుకున్నది సరిగ్గా ఆ వంకర కొమ్మనే.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ దారంతా ఒక్కతే నవ్వుకుంది. పక్కన కూర్చున్నామె భయపడి కొంచెం జరిగింది కూడా.

అప్పట్నుంచి తొమ్మిదేళ్ళుగా ఇదే పద్ధతి. మంచి కొమ్మలకు ఏరికోరి గుడ్డలు కడుతుంది. ఇంటివాళ్ళు ఆమె కళ్ళుగప్పి వాటిని పనికిమాలిన కొమ్మలకు మారుస్తారు. మూడోరోజు ఆమె వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవరు మార్చారిది?" అని గుడ్లు ఉరుముతుంది. ఇంటిల్లిపాదీ ఆకాశంలోకి చూస్తారు. "సరే, మీ చెట్టు మీ ఇష్టం, రేపు నన్ననమాకండి" అని విసుక్కుంటూ కోస్తుంది. చెట్టుకు చెట్టూ బాగుపడుతుంది, గెలిచామన్న తృప్తి ఇంటివాళ్ళకూ దక్కుతుంది. ప్రమీలమ్మ అయితే ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా, "ఆ హజ్రాని నమ్మి ఊరుకుంటే నా చెట్లు బోడిగుండ్లయ్యేయి. నేను గాబట్టి గుడ్డలు మార్చి కాపాడుకున్నా" అని చెప్పుకుంటుంది. ఒక పెళ్ళిలో అయితే, వెనక బంతిలో కూర్చుని హజ్రా బీ ఆ మాటలు విని, పొలమారి, రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఇంత గడుసుదానికి సొంతంగా ఒక చెట్టు లేదు. ఉంటున్నది అద్దెకు తీసుకున్న రెండు గదులు, ముందు మురికి కాలువ, వెనక ఎవరిదో గోడ. కుండీలో పుదీనా తప్ప మరేమీ పెంచే చోటు లేదు. ఆమె చెట్టు అని చెప్పుకోదగ్గది బెల్లంకొండలో పుట్టింట్లో ఉండేది. గొప్ప జాతి ఏమీ కాదు. పీచు ఎక్కువ, పులుపు తప్ప వేరే గుణం లేదు. కానీ ఆ కాయ పచ్చడి పెడితే రెండేళ్ళయినా ముక్క మెత్తబడేది కాదు. వాళ్ళమ్మ ఎప్పుడో టెంక పాతితే మొలిచిన చెట్టది. మూడేళ్ళ కిందట అన్నదమ్ములు స్థలం పంచుకుంటే చెట్టు సరిగ్గా గోడ పడే చోట నిలిచింది. నరికే ముందురోజు హజ్రా బీ వెళ్ళి కొసల్లోంచి పుల్లలు కోసుకొచ్చి పది అంట్లు కట్టింది. ఎనిమిది ఎండిపోయాయి. ఒకటి మేక తినేసింది. మిగిలింది ఒక్కటి.

ఆ ఒక్కదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నెలరోజులు మథనపడి, చివరికి గోపాలకృష్ణయ్యకు ఇచ్చింది. ఆయన ప్రమీలమ్మకు అన్న, పక్క స్థలంలోనే కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. భార్య సుబ్బరత్నం నాదెండ్లలో టీచరు, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి గానీ రాదు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ అందరూ కాంపౌండరు గారనే అంటారు. చీటీలో ఏం రాసి ఉంటే అదే ఇస్తాడని, అక్షరం మార్చడని పేరు. మొక్క ఇస్తూ హజ్రా బీ "రోజుకు రెండు చెంబులు పోయి అన్నయ్యా" అంది. రెండేళ్ళూ రెండే చెంబులు. ఒకసారి కుండపోత వానలో ఫోన్ చేసి, "హజ్రమ్మా, పైనుంచి కూడా పడతన్నయ్యి. నా రెండు చెంబులు పొయ్యాలా, ఆపాలా?" అని అడిగాడు. ఇలాంటి మనిషి దగ్గర మొక్క చావదని ఆమెకు ధీమా కలిగింది. ఆయన పెరట్లో ఇంకో మూడు మామిళ్ళున్నాయి, రెండు బంగినపల్లి, ఒకటి చిన్నరసం. అన్నీ ఒక ఈడువే.

ఈ ఆగస్టు మొదట్లో, రెండు వానలు పడి వెలిశాక, ఒక సోమవారం ఆ నాలుగింటికీ గుడ్డలు కట్టడానికి వెళ్ళింది. మూడు చెట్లకు అలవాటు ప్రకారం మంచి కొమ్మలకే కట్టింది. నాలుగోది, అమ్మ చెట్టు దగ్గర మాత్రం కాసేపు ఆగింది.

ఆ చెట్టుకు పక్కల నాలుగు కొమ్మలు చక్కగా వచ్చాయి. కానీ నడుమ ఒకటి నిట్టనిలువుగా, బాణంలా, మనిషిని దాటి పోతోంది. అంటు కట్టిన పుల్లలోంచి మొట్టమొదట పెట్టిన చిగురే అలా ఎదిగింది. వేరే ఎవరి ఇంట్లోనైనా అయితే, "ముందు ఈ నడిమిదాన్ని తీసెయ్యాల. లేకపోతే పక్క కొమ్మల నోటికాడ కూడు ఇదే లాక్కుంటది" అని ఉపన్యాసం ఇచ్చేది. గోపాలకృష్ణయ్యకు కూడా మొక్క ఇచ్చిన రోజే ఆ మాట చెప్పింది. ఇప్పుడు మాత్రం 'వచ్చే ఏడు చూద్దాంలే' అనుకుని, నడిమి కొమ్మ వైపు చూడనట్టు నటించి, తూర్పు వైపు పక్క కొమ్మకు ఒక గుడ్డ కట్టింది. కాంపౌండరు దాన్ని చెట్టు మొదట్లో ఉన్న చిన్న రెమ్మకు మార్చేస్తాడు, ఆ రెమ్మ పోతే నష్టం లేదు, ఈ ఏటికి గండం గడిచిపోతుంది. ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క మొక్క. తల తుంచాక వాడిపోతే? ఇన్నేళ్ళలో ఆమె తల తుంచిన చెట్లలో ఒక్కటీ చావలేదు. అయినా సరే, ఇది చస్తే మళ్ళీ పుల్ల తెచ్చుకోవడానికి బెల్లంకొండలో చెట్టు లేదు.

"మూడు రోజులన్నయ్యా. గురువారం వస్తా. గుడ్డ ఎక్కడుంటే కత్తెర అక్కడే" అంది.

"ఎన్నింటికి?" అన్నాడాయన.

"తొమ్మిదింటికి అనుకో."

ఆయన తల ఊపాడు. ఆ ఊపు చూసైనా ఆమెకు అనుమానం రావలసింది.

గురువారం తొమ్మిదింటికి వెళ్ళేసరికి పెరట్లో గోపాలకృష్ణయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ప్రమీలమ్మ గోడ పక్కన నిలబడి మూతి ముడుచుకుని ఉంది. హజ్రా బీ అలవాటుగా నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవరు మార్చా..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. ఒక్క గుడ్డ కూడా మారలేదు. కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మీదుమిక్కిలి ప్రతి దానికీ ఇంకో ముడి పడింది.

"మంగళారం గాలికి ఒకటి జారిందమ్మా. మళ్ళీ ఆడే కట్టి, అన్నిటికీ రెండో ముడేశా" అన్నాడు గోపాలకృష్ణయ్య.

ప్రమీలమ్మ ఆమె చెవి దగ్గరికి వచ్చింది. "నేను చానా చెప్పా. కనీసం ఆ తూర్పు కొమ్మదన్నా మార్చన్నయ్యా, బంగారం లాంటి కొమ్మ అని. ముట్టుకుంటే చెయ్యి తీసేశాడే."

హజ్రా బీ గుడ్డల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. తొమ్మిదేళ్ళలో ఎవరూ ఇంత అన్యాయంగా ఆమె మాట వినలేదు.

"అన్నయ్యా, ఈ కొమ్మ చూడు ఎంత పుష్టిగా ఉందో. దీన్ని కోస్తే నీకు బాధగా లేదా?" అంది, గొంతులో లేని జాలి తెచ్చుకుని.

"బాధే. మూడు రోజుల్నించీ అన్నం సయించలా."

"మరి మార్చుకోకపోయావా? నేనేమన్నా అంటానా?"

"చీటీలో రాసింది మార్చే అధికారం కాంపౌండరుకు లేదు."

"పోనీ నేను లోపల మంచినీళ్ళు తాగొస్తా. ఈలోపు నువ్వొక్కడివే ఆ చెట్ల కాడ నిలబడి ఆలోచించు" అని లోపలికి వెళ్ళి, నిదానంగా మూడు గ్లాసుల నీళ్ళు తాగి వచ్చింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. గుడ్డలూ అక్కడే ఉన్నాయి.

"అయ్యో, కత్తెర మర్చిపోయొచ్చా" అంది.

ఆయన కుర్చీ కింద నుంచి అట్టపెట్టె తీసి, కొత్త కత్తెర చేతిలో పెట్టాడు. "నీకు అవసరం పడిద్దేమోనని నిన్ననే తెప్పించా."

"మబ్బు పట్టినట్టుంది. వానలో కోస్తే బూజు పట్టిద్ది."

"ఫోన్‌లో చూశా. శనివారం దాకా చినుకు లేదు."

ఇంక తప్పించుకునే దారి లేక హజ్రా బీ మొదటి బంగినపల్లి దగ్గరికి నడిచింది. కోసేస్తే ఎవరికీ తెలియదు. చెట్టు కుంటిది అవుతుంది, నాలుగేళ్ళకు ఇంకో కొమ్మ వస్తుంది, తన పరువు మాత్రం నిలుస్తుంది. నిజం చెప్పిందా, పక్కనే ఉన్న ప్రమీలమ్మ సాయంత్రానికల్లా పేట మొత్తం చాటుతుంది. కత్తెర నోరు తెరిచి కొమ్మకు ఆనించింది. దాని అవతల నాలుగో చెట్టు కనిపించింది. దాని తూర్పు కొమ్మకు రెండు ముళ్ళతో ఎర్ర గుడ్డ వేళ్ళాడుతోంది. దీన్ని కోస్తే దాన్నీ కోయాలి. కత్తెర వెనక్కి తీసింది.

"అన్నయ్యా, ఇయ్యి కొయ్యాల్సిన కొమ్మలు కాదు" అంది, ఎవరి మొహమూ చూడకుండా. "ఇయ్యి ఉంచాల్సినయ్యి. కావాలనే తప్పు కొమ్మలకు కట్టా. అందరూ మారుస్తారు గదా అని. తొమ్మిదేళ్ళ నించీ ఇట్టాగే చేస్తన్నా."

ప్రమీలమ్మ పెదవులు కదుపుతూ వెనక్కి లెక్కపెట్టుకుంటోంది. లెక్క తెమిలాక ఆమె మొహం రంగు మారింది.

"అంటే మా ఇంట్లో? నేను కాపాడుకున్నా అనుకున్న కొమ్మలు?"

"అయ్యి నేను కాపాడాలనుకున్నయ్యే వదినా."

"ఓసి నీ దుంపతెగ! మా ఆడబిడ్డ కొడుకు పెళ్ళిలో గూడా చెప్పుకున్నా గదే! నువ్వు వెనక బంతిలో వింటానే నీళ్ళు తాగావా?"

"పొలమారింది వదినా" అంది హజ్రా బీ, తల వంచుకుని. నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

గోపాలకృష్ణయ్య మాత్రం కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు సోమవారమే తెలుసు" అన్నాడు.

ఇద్దరాడవాళ్ళూ ఆయన వైపు తిరిగారు.

"మొక్కిచ్చిన రోజు నువ్వేం చెప్పావో నాకు గుర్తుండదా? లోపలికి వంగినయ్యి, ఒకదాన్నొకటి రాసుకునేయి తియ్యాలన్నావు. గుడ్డలేమో బాగున్న వాటికి కట్టావు. ఆసుపత్రిలో కూడా అప్పుడప్పుడూ ఇట్టాంటి చీటీ వచ్చేది. పొరపాటున ఒకటికి పది రాసేసేవాళ్ళు. నేను మార్చేవాణ్ణి కాదు, మందూ ఇచ్చేవాణ్ణి కాదు. రాసినాయన తనంతట తాను చూసుకుని కొట్టేసేదాకా చీటీ పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడేవాణ్ణి."

"మరి నేను కోసేసి ఉంటే?"

"చెయ్యి పట్టుకునేవాణ్ణి. అందుకే గదా పొద్దున్నించి ఈడ కూర్చుంది."

హజ్రా బీకి ఒళ్ళు మండింది. ఆ మంట వెనకే, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఒక పెద్ద బరువు దిగినట్టయింది. నటించనక్కర లేని ఇల్లు ఒకటి ఉందన్నమాట. చకచకా గుడ్డలు విప్పి, రెండు బంగినపల్లి చెట్లకూ చిన్నరసానికీ వంకర కొమ్మలకు కట్టింది, ఇక మూడు రోజులు లేవు గీడు రోజులు లేవని అక్కడికక్కడే టకటకా కోసింది, నీలం ముద్ద పూసింది. చేయి ఎక్కడా తడబడలేదు.

అమ్మ చెట్టు దగ్గరికి వచ్చి, తూర్పు కొమ్మ గుడ్డ విప్పి, మొదట్లో ఉన్న చిన్న రెమ్మకు కట్టబోయింది.

"నడుమ నిట్టనిలువుగా పోయేదాన్ని ముందు తియ్యాల" అన్నాడు గోపాలకృష్ణయ్య వెనక నుంచి, ఆమె చెప్పిన మాటనే ఆమె గొంతును అనుకరిస్తూ.

"అది వచ్చే ఏడు చూద్దాం."

"నాకు వచ్చే ఏడు అని చెప్పలా."

ఆమె పళ్ళు కొరుక్కుని గుడ్డను నడిమి కొమ్మకు కట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఆ కొమ్మ కొసన ఆకులు రాగి రంగులో వేళ్ళాడుతున్నాయి. కత్తెర అందుకుంది, మళ్ళీ కింద పెట్టింది. దగ్గరికి వెళ్ళింది. ఏం చేస్తున్నదో తనకే తెలియనట్టు గుడ్డ విప్పి, వంగి, మొదట్లోని రెమ్మకు కట్టేసింది.

లేచి నిలబడేసరికి ప్రమీలమ్మ ఆమె ఎదురుగా ఉంది, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని.

"ఎవరు మార్చారిది?"

హజ్రా బీ ఆకాశంలోకి చూసింది. ప్రమీలమ్మ పగలబడి నవ్వింది, కళ్ళ నీళ్ళు తిరిగేదాకా, గోడ పట్టుకుని నవ్వింది. గోపాలకృష్ణయ్య కూడా దగ్గుతున్నట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూ హజ్రా బీ మొహం చూసి ప్రమీలమ్మ ఆగిపోయింది.

"ఏమే, ఏడుస్తన్నావా?"

"భయంగా ఉంది వదినా. ఇదొక్కటే ఉంది. ఊరందరి చెట్లూ కోశా. మీరందరూ మొక్కకు అడ్డం పడుతుంటే ఏందీ పిచ్చోళ్ళు అనుకునేదాన్ని."

"అనుకుంటావు, నీకు చెట్టుందా చేముందా. ఇయ్యాల తెలిసింది" అంది ప్రమీలమ్మ. గొంతు మాత్రం కటువుగా లేదు. ఆమే వంగి గుడ్డ విప్పి నడిమి కొమ్మకు కట్టింది. కత్తెర తీసి హజ్రా బీ గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటి మీద తన చేయి వేసి పట్టుకుంది. "కానీ. కళ్ళు మూసుకోమాక, నీకే కదా తెలుసు ఎక్కడ కొయ్యాలో."

కొమ్మ ఒక్క నొక్కుకు తెగింది. జీడి వాసన గుప్పుమంది. తెగినచోట సొన చుక్క ఉబికింది. హజ్రా బీ నీలం ముద్ద పూస్తుంటే సగం ముద్ద ఆకుల మీద పడింది. చూస్తే చెట్టు అప్పుడే పొట్టిగా, కొంచెం వెర్రిగా, నాలుగు చేతులు చాపిన పసిపిల్లలా ఉంది.

ప్రమీలమ్మ కోసిన కొమ్మను గోడ అవతలికి విసరడానికి ఎత్తింది. హజ్రా బీ ఆమె మీద పడ్డంత పనిచేసింది.

"ఆగు వదినా, ఆగు!"

కొమ్మను లాక్కుని, కింద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలితో కొసలు తడిమింది. పదకొండేళ్ళు ఇదే పని చేసిన వేళ్ళు వాటంతట అవే ఆకులు తుంచుతూ, కణుపులు చూస్తూ పోయాయి. ముదిరిన పుల్లలు, ఉబ్బిన మొగ్గలు, సరిగ్గా అంటుకు పనికొచ్చే ఈడు. ఒకటి, రెండు... ఐదు. రెండేళ్ళ నుంచి ఈ చెట్టు ఒక్కటే ఉందని భయపడుతూ తిరిగింది. దీని మీద కత్తెర పెట్టనంత కాలం ఒక్కటిగానే ఉంటుందన్న సంగతి, ఊరందరికీ అంట్లు కట్టిన తనకు ఒక్కసారి కూడా తట్టలేదు. తన తెలివికి తనే మొట్టికాయ వేసుకోవాలనిపించింది.

"అన్నయ్యా, తడిగుడ్డ ఒకటి తే. వీటిని చుట్టాల. అంటు కట్టడానికి టెంక మొక్కలు మా నర్సరీ వాళ్ళనడిగి పట్టుకొస్తా" అంది, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ.

ఆయన లేచాడు. "ఎంత తడి?" అన్నాడు.

"పిండితే చుక్క రాకూడదు."

ఆయన లోపలికి వెళ్ళాడు. ప్రమీలమ్మ పక్కన చతికిలబడి, పుల్లల్ని తనూ ఒకసారి లెక్కపెట్టి, అన్నిట్లోకీ లావుగా ఉన్నదాన్ని వేలితో తట్టింది.

"ఇది బతికితే మా పెరట్లో పెట్టాల. తొమ్మిదేళ్ళ మోసానికి అదే జరిమానా. పెరిగాక గుడ్డ కట్టేది కూడా నేనే."

"కట్టు వదినా" అంది హజ్రా బీ. "ఏ కొమ్మకు కడతావో కట్టు. నేను మార్చుకుంటా."